ఎడమచేతి పుస్తకం

సబ్హాన్, కువైట్
1990 ఆగస్టు 11

అక్కా,

ఈ ఉత్తరం నీకు రొట్టెల మధ్య దొరుకుతుంది, కంగారుపడకు. రాయచోటి మహమ్మద్ గౌస్ ఇప్పుడు బేకరీ బండి తోలుతున్నాడు. ఇరాకీ సైన్యం ఊళ్లోకి దిగి పది రోజులైంది గానీ, సైనికులకైనా రొట్టె కావాలి కదా, ఆ బండిని మాత్రం చెక్‌పోస్టుల్లో వదిలేస్తున్నారు. "రాజన్నా, ఖుబూస్ కింద పెట్టి తీస్కపోతా. పట్టుకున్న్యారంటే మాత్రం అది నీ చీటీ, నాకేం తెల్దు," అని ముందే చెప్పేశాడు. మంచివాడే, కాకపోతే ప్రాణం మీద తీపి ఎవరికి ఉండదు?

నువ్వెలా ఉన్నావు? నువ్వు మామా, బాబా అని పిలిచే మీ ఇంటి యజమానులూ, వాళ్ల పిల్ల దానా ఎలా ఉన్నారు? బస్సులు నడిచే రోజుల్లో మీ జాబ్రియాకు అరగంట దారి. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి వెనక గేటు దగ్గర నిలబడితే డబ్బాలో సంగటి పెట్టి ఇచ్చేదానివి. ఇప్పుడా అరగంట దారి మన ఊరికన్నా దూరమైపోయింది.

ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. మా కంపెనీ యజమాని, అదే మా కఫీల్, ఎండాకాలం సెలవలకు ఇంటిల్లిపాదితో లండన్ పోయి అక్కడే ఉండిపోయాడు. అరబ్బీలోకి తర్జుమా చేసే లెబనాన్ ఆయనా, మెషీన్ల మీది ఈజిప్టు వాళ్లూ నాలుగో రోజునే ఒకే కారులో ఇరుక్కుని వెళ్లిపోయారు. పోతూ తాళాలు నా చేతిలో పెట్టి, "యల్లా రాజు, ఇక నువ్వే మేనేజర్," అని నవ్వారు. నాకు ప్రమోషన్ ఇలా రాసిపెట్టి ఉందనుకోలేదు. పొద్దున్నే లేచి పుస్తకాల వరసల మధ్య ఒక చుట్టు తిరిగి వస్తాను. ముప్పై వేల పుస్తకాలు, అందులో నేను చదవగలిగింది ఒక్కటీ లేదు. సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది.

అయిదేళ్లుగా నువ్వు అందరికీ మా తమ్ముడు కాగితాల గోడౌన్లో పని అనే చెప్తూ వచ్చావు. ఇప్పుడు బోలెడంత తీరిక ఉంది, విను. మాది పుస్తకాలు వేసే కంపెనీ. జపానులో పిల్లలకు బొమ్మల కథలు వేస్తారు, పేజీకి అయిదారు గళ్లు, గడికో బొమ్మ. ఆ కథలనే టీవీ బొమ్మలుగా తీస్తే ఇక్కడ వాటికి అరబ్బీ మాటలు పెట్టి చూపిస్తారు. మీ దానా టీవీ ముందు కూర్చుని చూసేది అవే. టీవీలో ఆడిన కథను మా కఫీల్ పుస్తకంగా తెస్తాడు. జపాను నుంచి పేజీల ఫిల్ములు వస్తాయి. వాటిని లైటు బల్ల మీద పరిచి, జపాను మాటలు గీకేసి, అక్కడ అరబ్బీ మాటలు అతికించేది నేను. కడపలో పెళ్లిపత్రికలకు చేసిన పనే, బ్లేడు మాత్రం ఇంకా సన్నం.

నా ఘనకార్యం ఒకటి నీకు చెప్పనే లేదు. అంతకుముందు మేము వేసినవి ఫ్రెంచి, ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు. అవి ఎడమ నుంచి కుడికి పోతాయి, అరబ్బీ కుడి నుంచి ఎడమకు వస్తుంది. అందుకని ప్రతి ఫిల్మునూ తిరగేసి పెట్టాలి, అద్దంలో చూసినట్టు. చెయ్యి దానికే అలవాటు పడింది. రెండేళ్ల కింద 'కంచరి కొడుకు' మొదటి భాగం వస్తే దాన్నీ శుభ్రంగా తిరగేశాను. జపాను పుస్తకం కూడా అరబ్బీలాగే కుడి నుంచే మొదలవుతుందని నాకేం తెలుసు? దాన్ని తిప్పాల్సిన పనే లేదు. మూడు వేల కాపీలు అచ్చయ్యాక చూస్తే గళ్లు తారుమారై కథ వెనక్కి నడుస్తోంది, అందులో తండ్రీ కొడుకూ ఎడమ చేత్తో అన్నం తింటున్నారు. ఎడమ చేత్తో తినడమంటే ఇక్కడివాళ్లకూ మనకూ ఒకటే కదా. కఫీల్ నన్ను తిట్టలేదు. ఆ కాపీలన్నీ చింపించేసి, మళ్లీ సరిగ్గా అచ్చు వేయించి, ఆ తప్పు ఫిల్ములు నా బల్ల ఎదుట గోడకు వేలాడదీశాడు, రోజూ చూసుకోమని. ఆ పాడైపోయిన పుస్తకమే ఒక్కటి మిగిల్చి, పిల్ల గీతలు గీసుకుంటుందని నీకు ఇచ్చాను.

రెండు ముక్కలైనా రాసి గౌస్‌కు ఇవ్వు. తెలుగు అక్షరం చూసి చాలా రోజులైంది.

నీ తమ్ముడు
వెంకటరాజు


జాబ్రియా
ఆగస్టు 19

ఒరే రాజూ,

అయిదో తరగతితో ఆపేసిన దాన్ని, అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకోకు. నేను బాగున్నాను. బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, బావిలో కప్పలా ఇంట్లోనే ఉన్నాను కాబట్టి భయం లేదు.

బాబాను తీసుకుపోయారు. తొమ్మిదో తారీకు మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చారు. నలుగురు సైనికులు, ఒక ఆఫీసరు. బాబా చెయ్యి కూడా కడుక్కోలేదు. ఎక్కడికని మామా అడిగితే, రెండు ప్రశ్నలడిగి పంపిస్తామన్నారు. పది రోజులైంది. ఏ రెండు ప్రశ్నలో మరి.

పిల్ల సంగతి చెప్తాను. నీకు తెలుసు, దానాది ఎడమ చేతివాటం. మామా దానికి రిబ్బనుతో ఎడమ చెయ్యి కుర్చీకి కట్టి కుడి చేత్తో తినిపించేది. బాబా ఒక్కడే ఆ రిబ్బను విప్పేవాడు. ఆ రోజు కూడా ఆయనే విప్పాడు. వాళ్లు ఆయన్ను తీసుకుపోయాక మామా ఏడుస్తూ ఏదో అనేసింది, ఎడమ చేత్తో తిన్నందుకే ఇంటికి అరిష్టం అని. మనసులో పెట్టుకుని అన్న మాట కాదు, నోరు జారింది. పిల్ల మాత్రం మనసులో పెట్టుకుంది. ఆ రోజు నుంచి మాట్లాడదు. ఏ చేత్తోనూ తినదు. నేను పాలల్లో రొట్టె నానబెట్టి నోట్లో పెడితే రెండు ముద్దలు మింగుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల బరువు చేతికి తెలియడం లేదు.

నువ్విచ్చిన ఆ పాడైన పుస్తకం ఎప్పుడూ దాని చంకలోనే ఉంటుంది. సరైనవి అయిదు భాగాలూ దాని దగ్గర ఉన్నా, ఎడమ చేత్తో తినేవాళ్లు అందులోనే ఉన్నారని అదే పట్టుకుంటుంది. కథ నాకూ వచ్చేసింది. గంటలు పోతపోసే కంచరిని రాజు మనుషులు పట్టుకుపోతారు. కొడుకు ఊరూరా తిరిగి గుడిగంట చప్పుడు విని, ఇది మా నాయన పోసిందేనా అని వెతుకుతాడు. అయిదో భాగం అయ్యేసరికి కూడా దొరకలేదు.

నిన్న పొద్దున నా కొంగు పట్టుకుని ఒక్క మాట అడిగింది. "రెడ్డెమ్మా, ఆరోది వచ్చిందా?" పది రోజుల్లో అదొక్కటే మాట. అందుకని నిన్ను అడుగుతున్నాను. ఆరో భాగం ఉందా? ఆ పిల్లవాడికి నాయన దొరుకుతాడా?

మీ అక్క


సబ్హాన్
ఆగస్టు 28

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పిల్లను తలుచుకుంటే అన్నం సహించలేదు.

ఆరో భాగం పుస్తకం కాలేదు. టీవీ వాళ్లు అయిదో భాగం దగ్గరే ఆపేశారు, టీవీలో రానిది ఎవరు కొంటారని కఫీల్ దాన్ని అటకెక్కించాడు. ఫిల్ములు మాత్రం ఉన్నాయి. అరబ్బీ మాటలు కూడా లెబనాన్ ఆయన టైపు చేయించి, ఏ గడిలో ఏది అతికించాలో నంబర్లు వేసి కవరులో పెట్టి ఉంచాడు.

జపానులో ఇలా కాదట. నేను తిరగేసిన పుస్తకం సంగతి తెలిసి టోక్యో నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఎంత వంగి నమస్కారం పెట్టాడంటే, తప్పు నాదా ఆయనదా అని నాకే అనుమానం వచ్చింది. అక్కడ ముందు వారపత్రిక వస్తుందట, ఇటుకంత మందం, మోటు కాగితం. జనం రైల్లో చదివి అక్కడే వదిలేసి పోతారు. అందులో బతికి బట్టకట్టిన కథే మంచి కాగితం మీద పుస్తకమవుతుంది. ఆ తర్వాతే టీవీ, ఆ తర్వాతే బొమ్మలూ బడి సంచులూ. ప్రతి పత్రికలో ఒక కార్డు ఉంటుంది. పిల్లలు తమకు నచ్చిన కథ పేరు రాసి పోస్టు చేస్తారు. కార్డులు తగ్గాయంటే ఆ కథ ఖలాస్. అక్కడ పుస్తకం ఇంటికి పెద్దది, మిగతావన్నీ దాని కడుపున పుట్టినవి. ఇక్కడ పుస్తకం ఆఖరు పంక్తిలో కూర్చున్న చుట్టం, టీవీ తిని లేచాక మిగిలింది తింటుంది. మా పుస్తకాల్లో కార్డు పేజీ కూడా కఫీల్ తీసేయించాడు. రాసేవాళ్లెవరని.

ఆ పెద్దాయన వెళ్తూ నాతో ఒక మాట అన్నాడు. "తిరగేశావు, పరవాలేదు, కాగితమేగా పోయింది. కానీ మా పేజీలు మార్చకు. ఒక్క గడి కూడా." దేవుడి మీద ఒట్టు వేయించుకున్నట్టు అన్నాడు. అప్పటి నుంచి నేను ఫిల్ము ముట్టుకుంటే చెయ్యి కడుక్కునే ముట్టుకుంటున్నాను.

ముందు అసలు సంగతి విను. మొన్న సైనికులు లారీలతో వచ్చి అచ్చు మెషీన్లు, కాగితం రీళ్లు, చివరికి కరెంటు పెట్టె కూడా పీక్కుపోయారు. ఫిల్ములను ఎండకు ఎత్తి చూసి, దేనికి పనికొస్తాయో తెలియక పారేసి పోయారు. ఇక ఇక్కడ కాపలా కాయడానికి ఏమీ లేదు. మనవాళ్లకు బస్సులు పెడుతున్నారు. బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్, అక్కడి నుంచి విమానంలో బొంబాయి. నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. నీది మామాను అడుగు, కాళ్లు పట్టుకునైనా తీసుకో. ఇద్దరం పోదాం.

వెంకటరాజు


జాబ్రియా
సెప్టెంబరు 9

రాజూ,

అడిగింది ఒక్క మాట. నువ్వు రాసింది జపాను చరిత్ర.

చిన్నప్పుడు నువ్వు పలక పగలగొట్టుకుని వస్తే, పలక ఏదిరా అని అడిగితే, అయ్యవారి మీసాల గురించి చెప్పేవాడివి. ఇప్పుడూ అంతే. దొరుకుతాడా, దొరకడా?

పాస్‌పోర్టు నేను అడగనే లేదు, మామానే తెచ్చి ఇచ్చింది. "పో రెడ్డెమ్మా, నీకు నీ దేశం ఉంది," అంది. ఆ మాటంటూ నా భుజం మీద తల పెట్టింది. పదకొండేళ్లలో ఆమె నన్ను తాకింది అదే మొదలు. పాస్‌పోర్టు బియ్యం డబ్బాలో పెట్టాను. నేను రాను. మన ఊళ్లో నాకోసం ఎదురుచూసే వాళ్లెవరున్నారు చెప్పు. మొగుడు పోయాడు, బిడ్డలు లేరు, ఉన్న తమ్ముడివి నువ్వే. నువ్వు పో. నువ్వు క్షేమంగా ఉన్నావంటే నాకు సగం భయం తగ్గుతుంది.

పిల్ల నిన్న తలుపు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరును తేవడానికి ఎవరూ లేరు. మామా దానికి రిబ్బను చూపించి, ఇదిగో పారేశాను, ఏ చేత్తోనైనా తిను అని బతిమాలింది. అది చెయ్యి వెనక దాచుకుంది. ఆరోది వస్తే తింటానని మాత్రం నాకు సైగ చేసింది. అందులో ఏముంటే దాన్ని బట్టి బాబా వస్తాడో రాడో తేల్చుకుందామని చూస్తోంది రా అది. నాకు అర్థమైంది.

నాయన దొరికితే పంపు. దొరక్కపోతే పుస్తకం లేదని చెప్పు, అంతే. మూడో మాట వద్దు.

మీ అక్క


సబ్హాన్
సెప్టెంబరు 20

అక్కా,

దొరుకుతాడు.

పుస్తకం దీంతోనే పంపుతున్నాను. గౌస్ రొట్టెల ట్రే అడుగున పెట్టుకున్నాడు. "పుస్తకం పట్టుకుంటే కాల్చరు గదన్నా?" అని అడిగాడు. బొమ్మల పుస్తకమేలే అన్నాను. "బొమ్మలైతే సరే," అని బండెక్కాడు.

మెషీన్లు లేకుండా ఎలా అచ్చయిందని అడుగుతావు. ఫిల్ములు సరిచూసుకోవడానికి మేం వాడే కాగితం ఒకటుంది, దాని మీద పసుపు పూత ఉంటుంది. దాని మీద ఫిల్ము పరిచి, అద్దం అదిమి మేడ మీద ఎండలో పెట్టాను. కరెంటు పోయినా కువైట్ ఎండను ఎవరూ లారీలో వేసుకుని పోలేదు. ఎండ తగిలిన చోట పూత మాడిపోతుంది, గీతల కింద నిలుస్తుంది. తర్వాత మూతపెట్టిన డబ్బాలో అమ్మోనియా ఆవిరి పడితే నిలిచిన గీతలన్నీ నీలంగా తేలతాయి. కళ్లు మండి మూడు రోజులు ఏడుస్తూనే ఉన్నాను, దానికి నువ్వు వేరే అర్థం తీయకు. తొంభై ఆరు పేజీలు. కుట్టు నేనే వేశాను, అట్టకు మాత్రం మందపాటి కార్డుబోర్డు. మొత్తం నీలం గీతల పుస్తకం. లోకంలో ఇది ఒక్కటే కాపీ.

చివరి ఎనిమిది పేజీల్లో మాటలు ఉండవు. పిల్ల అడిగితే చెప్పు, జపాను వాళ్లు అంతే, ముఖ్యమైన చోట మాట్లాడరు. తండ్రీ కొడుకూ కలుస్తారు, కూర్చుని అన్నం తింటారు, అంతే. చక్కగా ఉంటుంది. తండ్రి ముఖం కూడా బాగా కనిపిస్తుంది. నిజంగా బాగుంది అక్కా, అనుమానం ఏమీ అక్కర్లేదు.

చిట్టచివర ఒక కార్డు కూడా కుట్టాను, చింపుకునే వీలుగా. జపాను వాళ్ల పద్ధతి. నాకు ఇంకో చిరునామా లేక కడప చిరునామా రాశాను.

బస్సు ఇరవై నాలుగున. సీటు ఇద్దరికీ రాయించాను. బియ్యం డబ్బాలోంచి పాస్‌పోర్టు తీసుకుని గౌస్ బండిలో వచ్చెయ్. ఆ ఒక్కసారికి రొట్టెల పక్కన కూర్చోబెట్టుకుంటానన్నాడు.

వెంకటరాజు


జాబ్రియా
సెప్టెంబరు 23

రాజూ,

పుస్తకం అందింది. పిల్ల నేల మీద కూర్చుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చదివింది. చివరి పేజీలు చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లి ఆ పాడైన పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుని మళ్లీ చూసింది. లేచి బల్ల దగ్గర కూర్చుని ఎడమ చేత్తో గిన్నెడు పప్పన్నం తింది. మామా గోడ వైపు తిరిగి నిలబడింది. నేను వంటింట్లోకి పోయాను.

నా సీటు ఎవరికైనా ఇచ్చెయ్. నేను వస్తే దానికి అన్నం పెట్టేవాళ్లుండరు.

రాలేదని కోపం పెట్టుకోకు. రొట్టెల బండి ఎక్కితే మళ్లీ దిగబుద్ధి కాదేమోనని భయపడ్డాను, అందుకే వీధి చివరిదాకా కూడా రాలేదు. దుప్పటి పంపుతున్నాను. ఎడారిలో పొద్దుగూకితే చలి ఉంటుందట. అమ్మాన్ చేరాక ఎవరి చేతనైనా ఒక మాట పంపించు.

మీ అక్క


కడప
డిసెంబరు 12

అక్కా,

ఇది పోస్టు చేసే ఉత్తరం కాదు. కువైట్‌కు ఉత్తరాలు తీసుకోవడం లేదు. పోస్టాఫీసు చంద్రావతమ్మ, "ఎవరికప్పా రాస్తాండావు, ఆడికి పోతే గదా," అని మొన్న కవరు తిప్పి ఇచ్చేసింది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. గౌస్ కూడా అక్టోబరులో వచ్చేశాడు. నువ్వు మాట్లాడటానికి అక్కడ తెలుగువాళ్లెవరూ లేరని అతను చెప్పినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

జోర్డాను సరిహద్దులో పదకొండు రోజులు గుడారంలో ఉన్నాను. నీ దుప్పటి లేకపోతే ఏమయ్యేవాడినో. ఇక్కడ పాత ప్రెస్సులోనే పని, పెళ్లిపత్రికలు. చుట్టూ మనవాళ్లే, రోజంతా తెలుగే వింటున్నాను. అయినా సబ్హాన్లో ఒక్కణ్ణీ ఉన్నప్పుడే తోడున్నట్టు ఉండేది. వారానికోసారి రొట్టెల బండి వచ్చేది కదా.

నీకు అబద్ధం రాశాను. కథలో నాయన దొరకడు.

నువ్వు మొదటిసారి అడిగినప్పుడే ఫిల్ములు చూశాను. పిల్లవాడు కొండ మీది గుడికి వెళ్తాడు. గంట మోగిస్తాడు, ఆ చప్పుడు వాడి నాయనదే. గంట లోపల చెయ్యి పెట్టి తడిమితే తండ్రి పేరు తగులుతుంది. పూజారి వచ్చి, పోయిన చలికాలంలోనే చనిపోయాడని చెప్తాడు. చివరి పేజీలో వాడొక్కడే నిలబడి మళ్లీ గంట కొడతాడు. అది పిల్లకు పంపడానికి నాకు చేతులు రాలేదు. లేదని చెప్పమన్నావు, అదీ రాలేదు.

ఆ ఎనిమిది పేజీలు తీసేశాను. మొదటి భాగం పాత ఫిల్ముల్లోంచి తండ్రిని కోసుకొచ్చి అయిదో భాగంలోని పిల్లవాడి పక్కన కూర్చోబెట్టాను. సరైన ఫిల్ములో తండ్రి అటు తిరిగి ఉన్నాడు, కొడుకు ముఖం చూడడు. గోడకు వేలాడుతున్న తప్పు ఫిల్ములో ఇటు తిరిగి ఉన్నాడు. అదే తీసుకున్నాను. అందులో ఆయన ఎడమ చేత్తో తింటాడు. మొదటిసారి తెలియక తిప్పాను, ఈసారి తెలిసే తిప్పిన బొమ్మ పెట్టాను. ఆ పిల్ల చెయ్యి గుర్తొచ్చే పెట్టాను. మాటలు ఏం రాయాలో తెలియక గళ్లు ఖాళీగా వదిలేశాను. ముఖ్యమైన చోట మాట్లాడనిది జపాను వాళ్లు కాదు, నేను.

ఆ పెద్దాయనకు ఇచ్చిన మాట పోయింది. రేపు మీ బాబా రాకపోతే ఆ పిల్ల ముందు నా పుస్తకం ఏమవుతుందా అని రోజూ అనుకుంటున్నాను. అసలు పేజీల ఫిల్ములు మాత్రం వదిలిపెట్టలేదు, అరబ్బీ చీటీలతో సహా పరుపులో చుట్టి తెచ్చాను. బస్రాలో ఒక సైనికుడు విప్పి ఎండకు ఎత్తి చూశాడు. గంట కొట్టే పిల్లవాణ్ణి చూసి మళ్లీ జాగ్రత్తగా చుట్టి ఇచ్చేశాడు.

ఈ ఉత్తరం పెట్టెలో పెడుతున్నాను.

వెంకటరాజు


జాబ్రియా
1991 మే 4

రాజూ,

బతికే ఉన్నాను. పోస్టు మొదలైంది, మొదటి ఉత్తరం నీకే. ఎలా ఉన్నావో ఏమో, అమ్మాన్ నుంచి ఒక్క ముక్కా అందలేదు.

యుద్ధం అయిపోయి రెండు నెలలైనా నూనె బావులు ఇంకా మండుతున్నాయి. పట్టపగలు దీపం పెట్టుకుంటున్నాం, ఆరేసిన బట్టలు తీసేసరికి నల్లగా ఉంటాయి. నీళ్లు లేని రోజులు, బాంబుల రోజులు ఎలా గడిచాయో రాయను. గౌస్ పోయాక తెలుగులో పలకరించే ప్రాణి లేక ఏడు నెలలు గిన్నెలతో మాట్లాడాను. గిన్నెలు నీకన్నా నయం, అడిగినదానికి శబ్దమైనా చేస్తాయి.

పట్టుకుపోయినవాళ్లు మార్చిలో బస్సుల్లో తిరిగి వచ్చారు. మామా, దానా, నేను మూడు రోజులు పోయి నిలబడ్డాం. మూడు రోజులూ పేర్లు చదివారు. బాబా పేరు లేదు. ఆయనతో పాటు ఉన్న ఒకాయన ఇంటికి వచ్చి మామాతో గది తలుపు మూసి మాట్లాడాడు. ఆయన వెళ్లాక మామా నల్ల బట్టలు కట్టుకుంది. పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకపోయినా దానికి తెలుసు.

ఆ సాయంత్రమే నీ పుస్తకం చివరి కార్డు చింపి, రాసి నాకు ఇచ్చింది. ఇన్నాళ్లూ పోస్టు లేక దాచి ఉంచాను. దీనిలో పెడుతున్నాను. అరబ్బీ నీకు రాదు కాబట్టి ఇవాళ అది చదివి చెప్తే కింద తెలుగులో నేను రాశాను:

"పుస్తకం వేసినవారికి. చివరి పేజీల్లో నాయన ఎడమ చేత్తో తింటున్నాడు. అది నా ఎడమచేతి పుస్తకంలో ఇరవై మూడో పేజీలోని బొమ్మ. గిన్నె అంచు విరిగిన చోటు కూడా అదే. నాకు మొదటి రోజే తెలిసింది. అన్నం పెట్టడం కోసం చేశారని కూడా తెలిసింది, అందుకే తిన్నాను. ఇప్పుడు రోజూ తింటున్నాను. నిజమైన పేజీలు పంపండి. దానా, తొమ్మిదేళ్లు."

ఆ పాడైన పుస్తకం చదివిన మనిషి లోకంలో అదొక్కతే రా. దానికే అదే బొమ్మ తెచ్చి చూపించావు. పిల్ల చెవిలో పువ్వు పెట్టబోయి దొరికిపోయావు. ఏడు నెలలకు పైగా అది ఆ సంగతి మనసులో పెట్టుకుని, నేను బాధపడతానని నాకు చెప్పలేదు. అది నాకోసం దాచింది, నువ్వు నా దగ్గర దాచావు. నేనొక్కదాన్నే వెర్రిదాన్ని, దొరికాడని మురిసిపోయాను.

నిజమైనవి ఉన్నాయా నీ దగ్గర? ఉంటే పంపు. ఈసారి అందులో ఏముందో నేను అడగను.

మీ అక్క


కడప
1991 జూన్ 2

దానమ్మా,

మీ రెడ్డెమ్మ దీన్ని నీకు అరబ్బీలో చెప్తుంది. ఆమెకు నేను డిసెంబరులో రాసి దాచుకున్న ఉత్తరం కూడా ఇందులోనే పెట్టాను. ముందు దాన్ని చదువుకుని నన్ను తిట్టుకోనివ్వు, తర్వాత ఇది చెప్తుంది.

నీ కార్డు అందింది. జపానులో కార్డులు తగ్గితే కథ ఆపేస్తారు. నేను వేసింది ఒక్క కాపీ, వచ్చింది ఒక్క కార్డు. చదివిన వాళ్లందరూ జవాబు రాసిన పుస్తకం మా కఫీల్ కూడా ఎన్నడూ వేసి ఉండడు.

నీకు తప్పు పేజీలు ఇచ్చాను. నువ్వు తట్టుకోలేవనుకున్నాను. తట్టుకోలేనిది నేనే. మీ నాయన సంగతి అక్క రాసింది. మా అక్క చేతి వంట నువ్వు తింటున్నంత కాలం నాకు ఇక్కడ కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఎనిమిది పేజీలు పంపుతున్నాను. మా మేడ మీద ఎండలోనే తీశాను, మాటలు నంబరు ప్రకారం అతికించాను. ఇందులో నాయన కనిపించడు. ఆయన పోసిన గంట ఉంటుంది. చివర్లో పిల్లవాడు ఒక్కడే ఉంటాడు. చదివేటప్పుడు రెడ్డెమ్మను పక్కన కూర్చోబెట్టుకో. ఆమె కోసం చెప్తున్నాను, నీ కోసం కాదు.

కుట్టడానికి సూదీ దారం ఆమె ఇస్తుంది. నేను చేసిన పేజీలు తీసేస్తావో ఉంచుకుంటావో నీ ఇష్టం, పుస్తకం నీది. వాడు కుడి చేత్తో గంట కొడతాడు, జపాను వాళ్లు గీసింది అలాగే. ఈసారి నేనేమీ తిప్పలేదు.

వెంకటరాజు